పూజలో నిలబడని మనిషి

బనమాలి నిద్రలోనే చనిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై. పాశమైలారంలోని రుద్రాక్ష ఫైన్‌కెమ్ అనే మందుల ఫ్యాక్టరీ గోడౌన్‌లో మంటలు లేచాయి. ఫైరింజన్ వచ్చేసరికి వెనక గది బూడిదైంది. డ్రమ్ముల చాటున, అట్టపెట్టె పరుచుకుని పడుకున్న ఒడిశా కార్మికుడి శవం దొరికింది. రాత్రి డ్యూటీ చేసి, ఆ గదిలో ఏసీ ఉందని, తలుపు తీసి ఉన్నప్పుడు దొంగతనంగా దూరి పడుకున్నాడు. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. పొగ మింగి పోయాడు.

ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీ సేఫ్టీ ఇన్‌చార్జ్ అహరోనును అరెస్టు చేశారు.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ త్రివేణి సెలవు ముగించుకుని స్టేషన్‌కి వచ్చింది. ఫైలు చేతిలోకి తీసుకుని, నిలబడే చదవడం మొదలుపెట్టింది. ఆమెకు కుర్చీ పడదు. కాలు ఒకచోట ఆగదు, మనసు అసలే ఆగదు. వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఇంట్లోవాళ్లే ఎప్పుడు డ్యూటీకి పోతావని అడిగారు.

"సాయంత్రం నాలుగు లోపల సంగారెడ్డి కోర్టుల హాజరు పెట్టాలె మేడం," అన్నాడు ఎస్సై పెంటయ్య. "బెయిల్ దొరకని సెక్షనే పెట్టినం."

"అంత గట్టి కేసా?"

"గట్టిదే. ఆ గోడౌన్‌ల ప్రతి శుక్రారం అమ్మవారి పూజ ఉంటది. సాంబ్రాణి ధూపం బాగ వేస్తరు. మీద స్మోక్ డిటెక్టర్లు ఉన్నయి. పొగ తగిలితే ఫ్యాక్టరీ మొత్తం అలారం మోగుతది. అందుకని పూజకు ముందు డిటెక్టర్లను మూస్తరు, పూజ కాంగనే తీస్తరు. అది అహరోను పని."

"ఆయన పనే ఎందుకైంది?"

"ఆయన క్రిస్టియన్ మేడం. పూజల నిలబడడు. అందరు దండం పెట్టుకుంటుంటె చేతులు ఖాళీగ ఉండేది ఆయనకే కదా. ఏండ్ల సంది ఆయననే మూస్తడు, ఆయననే తీస్తడు."

పెంటయ్య ఒక ప్లాస్టిక్ సంచి ముందు పెట్టాడు. లోపల అరచేతిలో పట్టేంత ముద్ద ఉంది. కాలిన డిటెక్టర్. దానికి కరిగి అతుక్కుపోయిన ప్లాస్టిక్ మూత. మసి పట్టని చోట ఇంకా పాలమీగడ రంగులోనే ఉంది.

"వెనక గది డిటెక్టర్ ఇది. మూత తీసుడు మర్శిపోయిండు. సాంబ్రాణి నిప్పు ఎగిరి గదిల పడ్డది. అలారం మోగలే. మనిషి పోయిండు."

"ఆయనేమంటున్నడు?"

"రెండు డిటెక్టర్లూ తెరిచిన అంటడు. ఇంకేమంటడు మేడం?"

అహరోను లోపలి గదిలో బెంచీ మీద ఉన్నాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. మూడు రాత్రులు నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి. కిటికీ అవతల వరండాలో అతని భార్య బ్యూలా టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భానూర్ బడిలో టీచర్. ఈ రోజు కోర్టు రిమాండ్ చేస్తే ఆయన ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఒక మనిషి ప్రాణం తీశాడన్న మాట ఆయన్ని లోపల్నుంచి తినేస్తుందని.

"తీసినవా?" త్రివేణి సూటిగా అడిగింది.

"తీసిన మేడం. కానీ ఇంతమంది మర్చిపోయినవు అంటుంటే, నిజంగనే మర్చిపోయిన్నేమో అని నాకే అనుమానమొస్తున్నది."

"తలుపు ఎవరు వేశారు?"

"డిటెక్టర్ తెరిచి, తలుపేసి, తాళంచెవి యాదన్నకిచ్చిన. ఇంకో చెవి క్వాలిటీ ఆఫీసుల ఉంటది."

"ఆ గదిలో ఏముండేది?"

"ఫెయిలైన బ్యాచ్. బీపీ మాత్రల్లో కలిపే మందు. ఒక మలినం లిమిట్ దాటింది. ఏండ్ల తరబడి మింగితే క్యాన్సర్ రావచ్చు. దాన్ని నాశనం చెయ్యాలె. మంగళవారం పెద్దసారు మమ్మల్ని పిలిచి, పంపితే ఎట్లుంటదని అడిగిండు. చాలా మాటలయినయి. నేను వద్దన్న. ఆఖరికి పంపొద్దనుకున్నరు."

"నువ్వెందుకు వద్దన్నవు?"

అహరోను ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయాడు. "మింగేటోళ్లు ఎవరో మనకు తెల్వదు మేడం. మొఖం తెల్వదు కదా అని విషం ఇస్తమా?"

త్రివేణి బయటికి వచ్చి జీపెక్కింది.

"పెంటయ్యా, పారబోయాల్సిన సరుకు కాలిపోయింది. ఇప్పుడు దానికి ఇన్సూరెన్స్ వస్తది. ఇంత అదృష్టం నాకెందుకో సయిస్తలేదు."

"అంటె ఓనరే?"

"తేల్చుకుందాం పద. నాలుగింటి దాకా టైముంది."

*

పాశమైలారం రోడ్డు మీద ట్యాంకర్లు బంపర్‌కి బంపర్ ఆనించుకుని కదులుతున్నాయి. గాలిలో కుళ్లిన గుడ్ల వాసన. టీ బండి దగ్గర హిందీ, ఒరియా, తెలుగు కలగలిసి వినిపిస్తున్నాయి. జీపు ఆగినప్పుడల్లా త్రివేణి డాష్‌బోర్డు మీద వేళ్లతో కొడుతూనే ఉంది. డ్రైవర్ ఆమె వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

ఫ్యాక్టరీలో మామిడి తోరణాలు కడుతున్నారు. పన్నెండు గంటలకు శాంతి పూజ ఉంది. గోడౌన్‌లో మనిషి పోయాడు కాబట్టి పూజ చేస్తేగాని పనివాళ్లు లోపలికి రామన్నారు.

ముందు కాలిన గది చూసింది. గోడలు నల్లబడ్డాయి. డ్రమ్ముల అట్టలు బూడిదయ్యాయి. ఆ బూడిద మధ్యలో అక్కడక్కడ గట్టిపడిన పొడి కుప్పలుగా ఉంది. బూటుతో కదిపితే లోపల తెల్లగా ఉంది.

"ఇంత మంటలో మందు తెల్లగెట్ల మిగిలింది?"

"నిన్ననే శాంపిల్ ల్యాబ్‌కు పంపినం మేడం," అన్నాడు పెంటయ్య.

"వాళ్లకు ఫోన్ చెయ్. జల్దీ కావాలను."

యజమాని ప్రభాకర్ తన క్యాబిన్‌లో లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. వాళ్ల నాన్నది సంగారెడ్డి గంజి బజారులో పప్పులు, మిరపకాయల వ్యాపారం. కొడుకు మందుల ఫ్యాక్టరీ పెట్టాడు. నుదుట బొట్టు, వేళ్లకు ఉంగరాలు, కళ్లలో కంగారు.

"ఆ బ్యాచ్ ఎందుకు పంపలేదు ప్రభాకర్ గారూ?"

"దొరికితే లైసెన్స్ పోతది కదా మేడం. ఎన్నేండ్ల వ్యాపారం!"

"దొరకదని తెలిస్తే?"

ప్రభాకర్ నవ్వబోయి ఆగాడు. "ఈ రోజుల్ల దొరక్కుంట ఉంటదా మేడం?"

అది జవాబు కాదు. త్రివేణి పక్క క్యాబిన్‌లోకి నడిచింది. అక్కడ ప్రభాకర్ కొడుకు అక్షయ్ ఉన్నాడు. ఎంబీఏ చదివి వచ్చి మార్కెటింగ్ చూస్తున్నాడు.

"ఎందుకు పంపలేదు?"

"రెప్యుటేషన్ మేడం. ఈ ఫీల్డ్‌ల అందరూ ఏం చేస్తున్నరో చూసుకోవాలె. వేరే కంపెనీలు పంపుతలేవు, మేమూ పంపలే."

"వేరేవాళ్లు పంపితే?"

"అప్పుడు మార్కెట్ ప్రాక్టీస్ అంటరు దాన్ని," అన్నాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

గోడౌన్ సూపర్‌వైజర్ యాదన్న మెట్ల దగ్గర దొరికాడు. మామిడాకులు భుజాన వేసుకుని పోతున్నాడు.

"ఆ బ్యాచ్ ఎందుకు పంపలేదు యాదన్నా?"

"పెద్దసారు ఆపుమన్నడు, ఆపినం మేడం. పంపుమంటె పంపుదుము."

"నీకేమనిపించింది?"

"నాకు అనిపిచ్చుడేంది మేడం? సార్లకు అనిపియ్యాలె, మేం జెయ్యాలె." అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. త్రివేణికి కోపం వచ్చింది కానీ ఎవరి మీదో తెలియలేదు.

చివరిగా క్వాలిటీ హెడ్ కమలాకుమారి. మందు మంచిదా కాదా తేల్చి సంతకం పెట్టేది ఆమే. ఆమె సంతకం లేనిదే డ్రమ్ము గేటు దాటకూడదు. యాభై దాటిన మనిషి. జరీ లేని నేత చీర, బల్ల మీద ఒక్క కాగితం కూడా వంకరగా లేదు.

"లిమిట్ దాటిన బ్యాచ్ రిలీజ్ కాదు. అది రూల్," అంది. పెన్ను పక్కన పెట్టి, "రూల్ లేకున్నా నేను సంతకం పెట్టేదాన్ని కాదు. మా అమ్మ ఆ మాత్ర పద్నాలుగేండ్లు మింగింది. ఇట్లాంటి మాత్ర నేనే పంపితే ఇంకొకరి అమ్మ మింగుతది. అట్ల అనుకున్న ప్రతిసారీ నాకు చెయ్యి ఆడదు."

పొద్దున్నుంచి త్రివేణికి నచ్చిన రెండో మాట అది. మొదటిది అహరోనుది.

"అహరోను గురించి ఏమంటరు?"

"బంగారం లాంటి మనిషి. మాది ఒకటే చర్చి. తప్పు ఆయన మీద పడంగనే, నిన్న పొద్దుటి ఆరాధనలో ఆయన కోసం ప్రార్థన చేసినం." సరిగ్గానే ఉన్న కాగితాన్ని ఆమె మళ్లీ సర్దింది. "మనిషన్నాక మరుపు ఉంటది మేడం. కోర్టు కనికరిస్తే బాగుండు."

వరండాలోకి వచ్చాక త్రివేణి గబగబా నడిచింది. పెంటయ్య ఉరికినట్టుగా వెంటపడ్డాడు.

"ఒకాయనకు దొరుకుతానన్న భయం. కొడుకుకు పక్క కంపెనీ ఏం చేస్తే అది ధర్మం. యాదన్నకు సారు చెప్పిందే వేదం. ఈ ముగ్గుర్ని ఆపుతున్నది వాళ్ల మనసు కాదు, బయట ఉన్న ఏదో ఒకటి. అది పక్కకు జరిగిందంటే ఏమైనా చేస్తరు. భయం తీరే ఉపాయం ప్రభాకర్‌కి దొరికింది. తగలబెట్టిండు."

"సాక్ష్యం మేడం?"

సాక్ష్యం లేదు. గడియారం పన్నెండు చూపిస్తోంది. నాలుగింటికి అహరోను కోర్టులో ఉండాలి.

*

గోడౌన్ ముందు హాలులో జనం నిండారు. గోడకు అమ్మవారి పటం, దాని ముందు నిప్పుల కుంపటి. యాదన్న నిచ్చెన వేసి పైకెక్కాడు. జేబులోంచి నీలం రంగు రబ్బరు గ్లౌజు తీసి, నోటితో ఊది, డిటెక్టర్‌కి తొడిగాడు. గ్లౌజు ఐదు వేళ్లూ కిందికి వేలాడుతూ నిలిచాయి.

త్రివేణి కాలు ఆగిపోయింది.

"ఏంది యాదన్నా అది?"

"పొగ తగులకుంట మేడం. అహరోను సారు లేడు కదా, నేనెక్కిన."

"ఆయన కూడా గ్లౌజే తొడుగుతడా?"

"ఎప్పుడు గదే. డిటెక్టర్ల తోని మూతలొచ్చినయి గని, డిటెక్టర్ తెల్లగుంటది, మూత తెల్లగుంటది. కిందికెల్లి సూస్తె పెట్టింది పెట్టంది తెల్వది. ఒకపారి పూజయినంక రెండు దినాలు మూత అట్లనే ఉన్నది, ఎవలం సూడలే. సారు మస్తు పరేషానయిండు. గప్పటిసంది గ్లౌజు దొడుగుతడు. యేళ్లు యాలాడుతుంటె ఎవలన్న యాది జేస్తరు గదా."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"పూజకు నిలవడ్డోళ్లందరికి తెలుసు. నెత్తి మీదనే ఉండె గదా!"

"ఆ మూతలేవీ?"

"క్వాలిటీ రూముల, బీరువాల ఉంటయి."

త్రివేణి పెంటయ్య చెవిలో రెండు ముక్కలు చెప్పి పైకి పంపింది. అప్పుడే ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. అవతలి మనిషి చెప్పింది విని, "ఇంకోసారి చెప్పండి" అంది. ఇంకోసారి కూడా అదే చెప్పాడు.

హారతి అయ్యేదాకా ఆమె ఓపిక పట్టింది. ఎంత కష్టపడి పట్టిందో పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌కే తెలుసు. కొబ్బరి ముక్కలు పంచడం అయింది. పనివాళ్లను బయటికి పంపించారు. ప్రభాకర్, అక్షయ్, యాదన్న మిగిలారు. కమలాకుమారిని కిందికి పిలిపించారు. ఆమె కర్పూరం ఆరేదాకా గుమ్మం బయటే నిలబడి, తర్వాత లోపలికి వచ్చింది.

"శుక్రవారం ఏం జరిగిందో చెప్తా వినండి," అంది త్రివేణి, అటూ ఇటూ నడుస్తూనే. "పూజ అయింది. అహరోను రెండు డిటెక్టర్ల గ్లౌజులూ తీశాడు. అందరూ ప్రసాదానికి బయటికి పోయారు. కుంపటి ఇక్కడే ఉంది, నిచ్చెన ఇక్కడే ఉంది. ఒకరు లోపలికొచ్చి వెనక గది తాళం తీసి, డిటెక్టర్‌ని మళ్లీ మూసి, నిప్పులు గదిలో పోసి, తాళం వేసుకుని వెళ్లిపోయారు."

"ఎవలు?" యాదన్న నోరు తెరిచాడు.

త్రివేణి ప్లాస్టిక్ సంచి పైకెత్తింది. "ఇది ఆ గది డిటెక్టర్. మేమందరం చూసినం. మూసి ఉందన్నది చూసినం గాని, దేనితో మూసిన్రో చూడలే. దీనికి అతుక్కున్నది మూత. అహరోను ఏండ్ల సంది మూత ముట్టనే లేదు. గ్లౌజు మర్చిపోయి ఉంటే అది కాలి మసైపోయేది, ఈ ముద్ద మిగిలేది కాదు."

ప్రభాకర్ తల పైకెత్తి వేలాడుతున్న నీలం వేళ్లను చూశాడు.

"మీ ముగ్గురిలో ఎవరైనా ఈ పని చేస్తే గ్లౌజే తొడిగేవాళ్లు. ప్రతి శుక్రవారం చూసేది అదే కదా. మూతలే వాడుతున్నారని అనుకునేది ఒక్కరే. ఈ పూజలో ఎన్నడూ నిలబడని మనిషి. అట్లాంటోళ్లు ఈ ఫ్యాక్టరీలో ఇద్దరే. ఒకరు అహరోను. ఆ గ్లౌజు పద్ధతి పెట్టిందే ఆయన."

అందరి కళ్లూ గుమ్మం దగ్గరికి తిరిగాయి.

కమలాకుమారి ముఖంలో ఏ మార్పూ లేదు. "మూతలు పెట్టాలని పద్ధతి రాసింది నేనే. దానికే నన్ను నేరస్తురాలిని చేస్తరా?"

పెంటయ్య డబ్బా పట్టుకుని వచ్చాడు. "బీరువాల దొరికింది మేడం. ఒక మూత తక్కువుంది."

"ఎవరైనా తియ్యొచ్చు," అంది కమలాకుమారి.

"తియ్యొచ్చు," త్రివేణి ఒప్పుకుంది. "కోర్టుకు ఇది చాలకపోవచ్చు. పొద్దున నేను ప్రభాకర్ గారిని అనుమానించిన. మీ మాట విని మీకు మనసులోనే దండం పెట్టిన. ఇంత మంచి మనిషి ఇట్ల చెయ్యదనుకున్న. తర్వాత అర్థమైంది, మంచి మనిషి కాబట్టే చేసింది. మీరు సంతకం పెట్టకపోతే వీళ్లు ఇంకొకరితో పెట్టిస్తరు. కాలిపోతే మాత్రం ఎవరూ పంపలేరు. అవునా?"

కమలాకుమారి పెంటయ్య చేతిలోని డబ్బా వైపు చూసింది.

త్రివేణి గొంతు తగ్గించింది. చెప్పబోయే మాట ఆమెకే చేదుగా ఉంది. "ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ డ్రమ్ముల్లో మందు లేదు మేడం. ఉప్పు ఉంది. బాయిలర్ నీళ్లకు వాడే ఉప్పు."

"ఏంటి?" అంది కమలాకుమారి.

"అక్షయ్, సరుకు అమ్మేది నువ్వే కదా. నువ్వు చెప్తవా, నేను చెప్పాలా?"

అక్షయ్ ముఖం తెల్లబోయింది. "డాడీ..." అన్నాడు. ప్రభాకర్ కొడుకు వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే తండ్రికీ తెలుసని తేలిపోయింది. రెండు నిమిషాల్లో మొత్తం బయటికొచ్చింది. బుధవారమే మందు తీసి వేరే డ్రమ్ముల్లో పోశారు. పాసైన పాత బ్యాచ్ నంబరు అంటించారు. ఈ డ్రమ్ముల్లో ఉప్పు నింపి సీలు వేశారు. తర్వాత ఉప్పునే పారబోసి, బ్యాచ్ నాశనం చేశామని రాసుకోవాలన్నది వాళ్ల ఎత్తు. మంట వాళ్లు పెట్టలేదు. పెట్టినవాళ్లకు మనసులో మొక్కుకున్నారంతే. సరుకు ఈ రోజు పొద్దున పదింటికి లారీలో నాగపూర్ రోడ్డెక్కింది.

కమలాకుమారి గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"ఉప్పా?" అంది. "ఉప్పు కోసమా ఆ పిల్లగాడు..."

మిగతాది నేల వైపు చూస్తూ చెప్పింది. "మంగళవారం అందరి ముందు మాటలయినంక ప్రభాకర్ గారు నన్నొక్కదాన్నే పిలిచి, శనివారం లోపల నువ్వు సంతకం పెట్టకుంటే వేరే కన్సల్టెంట్ పెడతడన్నరు. ఆ రాత్రంతా కూర్చున్న. వెనకాల ఎవరైనా పడుకుంటరని నాకు తెల్వదు మేడం. డ్రమ్ముల మీద సీలు చూసిన, లేబుల్ చూసిన. డ్రమ్ముల వెనక చూడలే. ఒకడు పోయినా వేలమంది బతికిన్రు కదా అని మూడు రోజులు నాకు నేనే చెప్పుకున్న. దాని మీదనే నిలబడ్డ."

"డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. మీకు తెల్వని ఆఫీసా?" త్రివేణి గొంతులో కోపం, జాలి రెండూ ఉన్నాయి.

"తెలుసు. ఫోన్ చేస్తే పేరు చెప్పాలె. చెప్పినంక ఈ పటాన్‌చెరు బెల్టులో నాకు ఇంకెవరూ ఉద్యోగమియ్యరు. కాలిస్తే పాపం ఆగుతది, ఎవరి పేరూ బయటికి రాదు అనుకున్న."

"అహరోను పేరు వచ్చింది."

"వచ్చింది." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని త్రివేణికి అనిపించింది. "నిన్న బ్యూలా పక్కనే కూర్చున్న. చెప్దామనే పోయిన. ప్రార్థనలో కళ్లు మూసుకున్న తర్వాత జైలు కనబడింది. భయపడ్డ. వేలమంది కోసం అంత తెగించిన దాన్ని, ఒక్క మనిషి కోసం నోరు తెరవలేకపోయిన."

లారీ నంబరు హైవే పెట్రోలింగ్‌కి వెళ్లింది. ఆ మందులో మలినాన్ని ఏ పరీక్షతో పట్టుకోవాలో కమలాకుమారి నేల మీద కూర్చునే చెప్పింది, పెంటయ్య రాసుకున్నాడు. ఆ నాలుగు నిమిషాలు ఆమె గొంతు వణకలేదు.

*

మూడుంబావుకు నిర్మల్ దాటకముందే లారీ దొరికిందని కబురొచ్చింది. ప్రభాకర్‌నీ, అక్షయ్‌నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. అరెస్టు కాగితాల్లో పేర్లు మారాయి.

అహరోనును విడిచిపెడుతున్నామని పెంటయ్య చెప్పినప్పుడు బ్యూలా రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. త్రివేణికి సంతోషంగా ఉండాలి. లేదు. కేసు తేలిన ప్రతిసారీ వచ్చే ఆకలి కూడా ఈసారి రాలేదు. వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తోంది.

అహరోను సంతకం పెట్టి బయటికి వచ్చాడు. వరండా బెంచీ మీద, మహిళా కానిస్టేబుల్ పక్కన కమలాకుమారి ఉంది. అతను ఆగాడు. బ్యూలా అతని మోచేయి పట్టుకుని లాగింది.

"పోదాం పట్టయ్యా. ఆమెతోని మనకేం మాటలు?" అంది. నిన్న చర్చిలో కమలాకుమారి తన చెయ్యి పట్టుకున్న సంగతి గుర్తొచ్చి బ్యూలాకు ఒళ్లు మండుతోంది.

"అహరోనూ," అంది కమలాకుమారి, తల ఎత్తకుండా. "క్షమించమని అడిగే ముఖం నాకు లేదు."

"నా సంగతి తర్వాత మేడం." అతని మాటలో కోపం లేదు. అలసట ఉంది. "చనిపోయిన పిల్లగాని అన్న సాయంత్రం సికింద్రాబాద్‌ల రైలు దిగుతున్నడు. శవం తీస్కపోవడానికి వస్తుండు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తుతలేడట. నేనూ యాదన్నా పోతున్నం. తమ్ముడెట్ల పోయిండని మొదట అదే అడుగుతడు. నేనేం చెప్పాలె?"

కమలాకుమారి చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. వరండాలో ఫోన్ మోగింది, ఎవరో ఎత్తారు. రోడ్డు మీద ట్యాంకర్ హారన్ కొడుతూ పోయింది. అహరోను కదలకుండా నిలబడ్డాడు. తొందర పెట్టలేదు.

"నువ్వేం చెప్పకు," అంది చివరికి. "ఇక్కడికి తీస్కరా. నేను చెప్త. ఎవరు చేసిన్రో, ఎందుకు చేసిన్రో నా నోటితోనే చెప్త."

"కస్టడీల ఉన్నోళ్లతోని గట్ల మాట్లాడనియ్యరు మేడం," పెంటయ్య త్రివేణి వైపు తిరిగి గొణిగాడు. "మాట కేసుకు అడ్డమొస్తది. రేపు లాయర్ అడుగుతడు."

త్రివేణి నడక ఆపింది. "అడిగితే నేను జవాబు చెప్పుకుంట. అహరోనూ, ఆయన్ని తీసుకురా."

అహరోను తలూపి మెట్లు దిగాడు. బ్యూలా వెంట దిగింది. ఆఖరి మెట్టు మీద ఉండగా వెనక నుంచి కమలాకుమారి పిలిచింది.

"అహరోనూ, ఆ అబ్బాయి పేరు ఇంకోసారి చెప్పు. ఫైల్‌లో చూసిన గాని, నోటితో ఎన్నడూ అనలేదు. వాళ్ల అన్న ముందు తప్పు పలకొద్దు."

"బనమాలి," అన్నాడు అహరోను.

ఆమె పెదవులు కదిలాయి. మొదటిసారి పేరు సగంలో ఆగింది. రెండోసారి పూర్తిగా అంది.